బీరపీచు పట్టీ

శ్రీముఖలింగం,
14-5-68

అక్కకు తమ్ముడు జగన్నాధం నమస్కారాలు. ఎండలో కళ్ళు తిరిగి పడిపోయింది నేను కాదు, మా సర్వేయరు నరసింగరావుగారు. అమ్మను కంగారు పడవద్దని చెప్పు.

కాలవ సర్వేలో ఆయన దుర్భిణీలో చూస్తుంటే టోపీ లోపలి తోలు పట్టీ నుంచి చెమట కళ్ళలోకి కారేది. నుదురంతా పుండ్లు పడ్డాయి. అందుకని టోపీ తీసేసేవారు. పోయిన వారం సోమవారం అలాగే పడిపోయారు.

ఆ తోలు ఊడదీసి, ఎండిన బీరకాయ పీచుతో పట్టీ కుట్టాను. గాలి ఆడేలా టోపీకీ పట్టీకీ మధ్య సందు వదిలాను. బిగించుకోవడానికి వెనక నాడా పెట్టాను. మొదటిది నుదురు గీరింది. రెండోదానికి పాత పంచె గుడ్డ తొడిగాను. నిన్న పొద్దంతా ఆయన టోపీ తీయలేదు.

సాయంత్రం నాకేసి చూసి, "ఒరే, నాకొక్కడికే కుట్టినావేటి? నీది నెత్తి కాదేటి?" అన్నారు.

"నాకు టోపీ నేదు బాబూ" అన్నాను.

ఆయన పెట్టె తెరిచి తన రెండో టోపీ ఇచ్చారు. నా తలకు పెద్దదే, కానీ దానికీ పట్టీ కుట్టి నాడా బిగిస్తే సరిపోయింది.

పెరట్లో ఎండిన బీరకాయలు గిన్నెలు తోమడానికి వాడేయకు. మిగతావాళ్ళూ అడుగుతున్నారు, నాలుగైదు బావ చేత పంపు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.