స్వరూప ఎంచిన మెత్తని బార్లీ

ఆదివారం రాత్రి

మా స్వరూప బార్లీ గెలిచింది. విత్తనాల పరిశోధనలో ఇన్నేళ్లు నా బిడ్డ పెంచిన రకాల్లో ఒకదాన్ని మాల్టు కోసం, అంటే గింజను మొలకెత్తించి ఎండబెట్టడానికి, కంపెనీవాళ్లు తీసుకున్నారట. ఫోనులో దాని గొంతు వింటుంటేనే నా కడుపు నిండిపోయింది.

"ఎట్ల ఏరినవు బిడ్డా?" అన్నాను.

"గింజ గట్టితనం చూసి, బాపు. మెత్తగ నలిగేదే ఉంచుకున్న. అది నీళ్లు జల్ది తాగుతది, మాల్టు మంచిగైతది."

కేసముద్రం మార్కెట్లో వడ్లగింజను కొరికి, పంటికింద కటుక్కుమంటేనే మంచి సరుకనే మనుషులం మేము.

"గట్టియన్ని పారేసినవా, పిచ్చి బిడ్డా?"

"నీ పండ్లు వడ్లకే పనికొస్తయి బాపు," అని నవ్వింది.

అక్కడితో ఊరుకోక, మాల్టుతో ఏం చేస్తారని అడిగాను. "ఎక్కువ బీరుకే," అంది. నా తమ్ముడు తాగుడుతోనే పోయాడు. వాడి భార్య ఎల్లమ్మ, ఆ దుఃఖంలోనే కూలికి పోయి, స్వరూపకు పుస్తకాలు కొనిచ్చింది. ఇంత సంతోషం ఆమెకు చెప్పకుండా ఎలా ఉంటాను? ఆ బార్లీ దేనికి బావా అని అడిగితే...

రేపు చెప్పవలసినవాళ్లు: పాలకుర్తి అక్క, జఫర్‌గఢ్ బామ్మర్ది, మానుకోట వియ్యంకుడు. ఎల్లమ్మకు ఫోనులో కాదు, ఇంటికి పోయి చెప్పాలి.