నాలుగొందల ముప్ఫై మిల్లీసెకన్లు

ఫిబ్రవరి 9

ఈ రోజు డబ్బాని తన్నాను. మొదటి తన్నుకి తలుపు కదల్లేదు, రెండో తన్నుకి తెరుచుకుంది. బిగించి వారం కాలేదు, అప్పుడే కీలు పట్టేసింది. కొన్నవాడి మొహం మండ.

ఉక్కు రేకు చుట్టలు పేర్చే మా యార్డు మూల, మొబైల్ టవర్ కింద బీరువా అంత ఉండే కంప్యూటరు ఇది. ఇన్నాళ్ళూ ఏ పనైనా నాలుగొందల కిలోమీటర్ల అవతలున్న డేటా సెంటరుకి వెళ్ళి తిరిగి రావాలి. ఇప్పుడు ఎక్కడి పని అక్కడే, టవర్ కాళ్ళ దగ్గరే తేలిపోతుంది. ఎడ్జ్ అంటే ఇంతే. మధ్యలో ఇంకొన్ని పెద్ద డబ్బాలున్నాయి, వాటిని ఫాగ్ అంటారు. ఇది నిండితే పని ఫాగ్‌కి పోతుంది, ఫాగ్ కూడా నిండితే సెంటరుకి. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి మా మేనేజరు నలభై స్లైడ్లు వేశాడు. ఏ మాట మొదలుపెట్టినా ముందు సారీ అంటాడు. మా టీమ్‌లో ఆయన పేరు సారీ సారు.

తమ్ముడికి మాత్రం పండగే. వాడు యార్డులో క్రేన్ నడుపుతాడు. నిన్నటిదాకా తొంభై రెండు మెట్లెక్కి పైన గూట్లో కూచునేవాడు. ఇప్పుడు కింద ఏసీ గదిలో స్క్రీన్ ముందు కూచుని లివర్లు తిప్పుతున్నాడు. పొట్ట వస్తుందేమో అక్కా అని బెంగ. క్రేన్ కాళ్ళకి కెమెరాలున్నాయి, నేల మీద ఎర్రగీత ఉంది. గీత లోపలికి మనిషి కాలు పెడితే డబ్బా చూసి ఇరవై మిల్లీసెకన్లలో క్రేన్ ఆపేస్తుంది. నువ్వు కళ్ళు మూసుకున్నా అది చూస్తుందిరా అన్నాను వాడితో.

ఫిబ్రవరి 11

ఆరొందల పన్నెండు పరికరాలు. ఒక్కొక్కటీ ఏ క్లాసో చెప్పాలి. మూడే గడులు: వాయిస్, వీడియో, కంట్రోల్. ఇవాళే అయిపోవాలి, సారీ అన్నాడు సారు. సాయంత్రానికి మెడ పట్టేసింది. కెమెరాలన్నీ ఒకేసారి సెలెక్ట్ చేసి వీడియోలో పడేశాను. పీడా పోయింది.

ఫిబ్రవరి 15

టెస్ట్ పాస్. గోనెసంచులతో బొమ్మ చేసి గీత లోపలికి తోశారు. ఉక్కు చుట్ట దానికి జానెడు దూరంలో టక్కున ఆగింది. ఆదివారం కదా, యార్డు ఖాళీ, ఫోన్లు లేవు, ఎవరూ లేరు. త్వరగా ఇంటికి పోయాం.

ఫిబ్రవరి 24

హుక్కులు తగిలించే పెద్దాయన కొత్త అలవాటు చేసుకున్నాడు. చుట్ట దిగేటప్పుడు గొలుసు మెలిపడితే గీత లోపలికి దర్జాగా నడిచి వెళ్తాడు. క్రేన్ ఆగుతుంది. గొలుసు సర్ది, కెమెరాకి చెయ్యూపి బయటికొస్తాడు. ముందైతే ఈల వేసి, తమ్ముడు పైనుంచి చూసి చెయ్యి చూపించేదాకా ఆగేవాడు. ఇప్పుడు ఈల జేబులోనే. నీ డబ్బా నా పెళ్ళాం కంటే బాగా చూసుకుంటోంది అమ్మాయ్ అన్నాడు నాతో. పొంగిపోయాను. సిగ్గులేనిదాన్ని.

(ఆ చివరి మాట తర్వాత రాశాను.)

మార్చి 2, మధ్యాహ్నం 3

పెద్దాయన పోయాడు.

ఫైనల్ మ్యాచ్. చివరి ఓవర్లు. యార్డులో ఉన్న ప్రతివాడూ ఫోనుకి అతుక్కుపోయాడు. పెద్దాయన ఒక్కడే పనిలో ఉన్నాడు. గొలుసు మెలిపడింది. రోజూలాగే గీత దాటాడు. క్రేన్ ఆగలేదు. చుట్ట ఆయన్ని వెనకున్న చుట్టలకేసి నొక్కేసింది. ఆ తర్వాత ఆగింది. చక్కగా, బుద్ధిగా, టెస్ట్‌లో ఆగినట్టే ఆగింది. మనిషిని బయటికి తీయడానికి మళ్ళీ దాన్ని వెనక్కి నడపాల్సి వచ్చింది. నడిపింది మా తమ్ముడే. వేరే ఎవరికీ చేతకాదు.

ఛాతీ అనేది లేదు. ఇంకేం రాయను.

మార్చి 2, సాయంత్రం 6

రాస్తాను.

పెద్దాయన కొడుకులిద్దరూ యార్డులోనే పనిచేస్తారు. తండ్రిని వ్యాన్ ఎక్కించి, అటునుంచటే ఏసీ గదికి వచ్చారు. మ్యాచ్ చూస్తూ మా నాన్నని చంపావు కదరా అని తమ్ముణ్ణి జుట్టు పట్టి బయటికి లాగారు. ఫోన్ లాకర్లో ఉందని వాడు మొత్తుకున్నాడు. ఎవరు వింటారు. ఇరవై మంది. చిన్నోడు వాడి కుడి చెయ్యి బల్ల మీద పెట్టి పట్టుకున్నాడు, పెద్దోడు ఇనుప రాడ్డు ఎత్తాడు. లివర్ తిప్పిన చెయ్యి ఇదే కదా అన్నాడు. నేను పరిగెత్తుకుంటూ వచ్చేసరికి రెండు దెబ్బలు పడ్డాయి. మూడోది నా కళ్ళ ముందే పడింది. విరిగిన చప్పుడు వినపడింది.

నా బెల్టుకి పానా ఉంది. తీశాను. పెద్దోడు నావైపు తిరిగాడు. మొహం మీద బాదాను. ఎడమ కన్ను. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఇంకోటి కూడా వేశాను, పడ్డాక.

బాగా తగిలిందని సంతోషించాను. నా డైరీలో నాకే అబద్ధమెందుకు, చచ్చేంత సంతోషించాను.

మార్చి 3

ఒకే వార్డు. తమ్ముడికీ పెద్దోడికీ మధ్య రెండు మంచాలు. తమ్ముడికి నాలుగు వేళ్ళు, మణికట్టు. పెద్దోడికి కన్ను పోయిందన్నాడు డాక్టరు. వాళ్ళమ్మ అటు, మా అమ్మ ఇటు. నీళ్ళ కుళాయి ఒక్కటే. ఇద్దరూ సీసాలు పట్టుకుని ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు.

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. తమ్ముడి మీద నిర్లక్ష్యం కేసు. నామీద కన్ను కేసు. సంతకాలు పెట్టించుకుని వదిలేశాడు. నీ తమ్ముడు మాత్రం జైలు చూడక తప్పదమ్మా అన్నాడు.

మార్చి 4

డబ్బా చేసిన ప్రతి పనీ నమోదయ్యే లాగ్ తెరిచాను. తమ్ముడు చెయ్యలేదని రుజువు చేద్దామని తెరిచాను.

2:11:07. లోడ్ 97 శాతం. యార్డు ఫోన్లన్నిటికీ మ్యాచ్ అందిస్తోంది డబ్బా. చోటు లేదు. చోటు లేనప్పుడు వీడియో క్లాసుని పైకి తోసెయ్యమని రూలు. మ్యాచ్‌తో పాటే క్రేన్ కెమెరాలనీ ఫాగ్‌కి తోసింది. ఊరంతా మ్యాచే కదా, ఫాగ్ కూడా ఫుల్. సెంటరుకి పోయింది. మనిషిని చూసే కెమెరాలు నాలుగొందల కిలోమీటర్లు వెళ్ళొచ్చాయి. ఇరవై మిల్లీసెకన్ల పని నాలుగొందల ముప్ఫై పట్టింది. ఆ కాస్త ఎడంలో చుట్ట రెండు మూరలు కదిలింది. తమ్ముడి స్క్రీను కూడా ఆ కెమెరాల మీదే నడుస్తుంది. వాడికి పెద్దాయన ఇంకా గీత బయటే కనపడుతున్నాడు, అప్పటికే లోపలున్నాడు.

కంట్రోల్ క్లాసుని మాత్రం ఎవరూ ఎక్కడికీ తోయరు. ఆ కెమెరాలు ఉండాల్సింది కంట్రోల్‌లో. అవి సినిమా చూపించేవి కావు, బ్రేకు వేసేవి. కెమెరా అని పేరు చూసి వీడియోలో పడేశారు.

పడేసిన ఉద్యోగి నంబరు నాది.

గోడకేసి తల బాదుకున్నాను. నిజంగానే. పక్క సీటువాడు వచ్చి ఏమైంది మేడమ్ అంటే కాఫీ కప్పు వాడి కాళ్ళ దగ్గర పగలగొట్టాను.

మార్చి 4, ఇంకా

క్లాసు మార్చాను. నాలుగు క్లిక్కులు.

మార్చి 5

సారీ సారు కూడా లాగ్ చూశాడు. గది తలుపేసి సారీ అన్నాడు. లాగ్ పదిరోజులకి దానంతటదే చెరిగిపోతుంది, చెరగనియ్యి అన్నాడు. ఆపరేటర్ తప్పని తేలితే వ్యవహారం ఇక్కడితో ఆగుతుంది, నువ్వు నోరు తెరిస్తే నువ్వూ పోతావు, టీమూ పోతుంది, ఊరంతా బిగించిన డబ్బాలూ పోతాయి అన్నాడు. తమ్ముడికి ఆరు నెలలకి మించి పడదట. ఆరు నెలలు ఎంతలో అయిపోతాయి అన్నాడు.

కాలర్ పట్టి గోడకి ఆనించాను. గొంతు దగ్గర నా పిడికిలి. కళ్ళు తేలేశాడు. కొట్టి ఉండాల్సింది. కానీ వాడు చెప్పింది నేను పొద్దుట్నుంచీ మనసులో అనుకుంటున్నదే. వదిలేశాను.

మార్చి 6

చెప్పలేదు.

మార్చి 7

ఇవాళ కూడా చెప్పలేదు. తమ్ముణ్ణి ఇంటికి తీసుకొచ్చాం. అన్నం నేనే కలిపి పెట్టాను. నా చెయ్యే లేటయిందక్కా అన్నాడు నమలుతూ. కాదురా అన్నాను. మరెందుకు ఆగలేదు, నీ డబ్బా తప్పు చెయ్యదు కదా అన్నాడు. ముద్ద వాడి నోట్లో పెట్టాను. నాకంటే నీచురాలు ఎవరన్నా ఉంటే వచ్చి చూపించండి.

మార్చి 8, ఉదయం 11

పొద్దున్నే వచ్చారు. ముప్ఫై, నలభై మంది. ముందు చిన్నోడు. మొదటి రాయికి కిటికీ, రెండోదానికి అమ్మ నుదురు. అమ్మ తల పట్టుకుని నేల మీద కూచుండిపోయింది, వేళ్ళ మధ్య నుంచి రక్తం కారుతోంది. నేను గునపం తీసుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఒక్కడు మెట్టెక్కితే వాడి బుర్ర పగిలేది. దేవుడి మీద ఒట్టు.

మెట్టు దిగింది మా తమ్ముడు. నన్ను తోసుకుని, కట్టుకట్టిన చెయ్యి ఎత్తి పట్టుకుని వాళ్ళ మధ్యలోకి వెళ్ళాడు. నేనే చంపాను, నాకు చెయ్యి లేటయింది, కొట్టండి అన్నాడు. కొట్టారు. అడ్డగాడిద, చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు. చిన్నోడు ఏడుస్తూ కొట్టాడు. డొక్కలో, మెడ మీద, పడ్డాక నోటి మీద.

గునపం పారేసి అరిచాను. వాడు కాదు నేను, నేను చంపాను అని అరిచాను. అందరూ ఆగారు. చెప్పాను. కెమెరాలు, క్లాసు, వీడియో, ఫాగ్, సెంటరు, మిల్లీసెకన్లు. గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. తమ్ముణ్ణి కాపాడుకోడానికి ఏవో ఇంగ్లీషు ముక్కలు వాగుతోంది అన్నాడు ఒకడు. చిన్నోడు నామీద ఉమ్మి వెళ్ళిపోయాడు.

నిజం చెప్పినా బోడి నిజం, ఒక్కడికీ అర్థం కాలేదు.

మార్చి 9

లాగ్ ప్రింట్ తీసుకుని స్టేషన్‌కి పోయాను. ఇన్‌స్పెక్టర్ కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. కెమెరాలని వీడియోలో కాక ఇంకెందులో పెడతారమ్మా అన్నాడు. నాకు నవ్వొచ్చింది. స్టేషన్‌లో పిచ్చిదానిలా నవ్వాను.

రెండు గంటలు పాఠం చెప్పాను. బల్ల మీద గ్లాసు డబ్బా, వాకిట్లో జీపు ఫాగ్, వీధి చివర చెత్తకుండీ సెంటరు. కానిస్టేబుల్‌ని గ్లాసు దగ్గర్నుంచి చెత్తకుండీ దాకా పరిగెత్తించాను. ఇన్‌స్పెక్టర్ వేలే చుట్ట, నేను స్టాప్ అన్నా దాన్ని బల్ల మీద జరుపుతూనే ఉండాలి, కానిస్టేబుల్ వెళ్ళి తిరిగొచ్చి ముట్టుకుంటేనే ఆపాలి. వేలు బల్ల చివరిదాకా వెళ్ళి అంచు దాటి కిందికి జారింది. ఆయన చాలాసేపు ఆ వేలు చూసుకున్నాడు. తర్వాత కాగితం తీసి, తమ్ముడి పేరు కొట్టేసి, నా పేరు రాశాడు.

మార్చి 10

సస్పెండ్. సారీ సారు ఫోన్ చేశాడు. మొదటిసారి సారీ అనలేదు. నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాడు. పూర్తిగా విన్నాను.

మార్చి 12

తమ్ముడికి చెప్పాను. వాకిట్లో అరిచినప్పుడు వాడికి స్పృహ లేదు, అమ్మ చెప్పలేదు. ప్రింట్ చూపించి ఒక్కొక్క లైనూ చదివాను. చివరిదాకా విన్నాడు. నేను కళ్ళు మూసుకున్నా అది చూస్తుందన్నావే అన్నాడు. అవునన్నాను. లేచి ఎడమ చేత్తో చెంప మీద కొట్టాడు. అలవాటు లేని చెయ్యి, చెవి మీద పడింది. మళ్ళీ కొట్టాడు. అమ్మ అడ్డం రాలేదు. అలిసిపోయేదాకా కొట్టి, నా ఒళ్ళో తలపెట్టి బావురుమన్నాడు. నేను కాదు కదక్కా, నేను కాదు కదా అని గంటసేపు అదే మాట.

నువ్వు కాదు నాన్నా అన్నాను. చెవి ఇంకా గుయ్యిమంటోంది.

మార్చి 14

పెద్దాయన భార్య తలుపు తీసింది. కొడుతుందనుకున్నాను. కూచోమంది.

చెప్పాను. ఎంత లేటు అని అడిగింది. నాలుగొందల ముప్ఫై మిల్లీసెకన్లు అన్నాను. నాకు అర్థమయ్యేట్టు చూపించు అంది. రెండు చప్పట్లు కొట్టాను, మధ్యలో అంత ఎడం.

మళ్ళీ అంది. కొట్టాను. కళ్ళు మూసుకుంది. ఇంత టైమ్‌లో ఆయనకి తెలిసి ఉంటుందా అని అడిగింది. తెలిసి ఉంటుంది అన్నాను. మళ్ళీ కొట్టమంది.

లోపల్నుంచి పెద్దోడు కట్టుతో వచ్చి తల్లి పక్కన కూచున్నాడు. తర్వాత చిన్నోడు. చీకటి పడేదాకా ఆ రెండు చప్పట్లే కొట్టాను.

రేపు కూడా రమ్మంది.