ఎర్రపెట్ట పెత్తనం

వదినా,

కోళ్ళ సంగతి చెబుదామని రాస్తున్నాను, ఇంకేం కాదు.

మీ ఎర్రపెట్ట తెల్లదాన్ని మేత దగ్గరికి రానివ్వకుండా పొడిచి పొడిచి, వీపు మీద ఈకలన్నీ పీకేసింది. పెత్తనం చేసేదాన్ని కొన్నాళ్ళు విడిగా పెడితే పొగరు దిగుతుందని పక్కింటి టైలరమ్మ చెబితే, దాన్ని గంప కింద మూశాను.

దాని పొగరు సంగతి దేవుడెరుగు, దొడ్డి మాత్రం రణరంగమైంది. మిగతా మూడూ మేత కోసం జుట్టూ జుట్టూ పట్టుకున్నాయి. పాపం అనుకున్న తెల్లదే పెద్ద రౌడీ! చీకటి పడితే ముందెవరు వెళ్ళాలో తేలక గూటి ముందే తన్నులాట.

నిన్న విసుగొచ్చి గంప ఎత్తేశాను. ఎర్రది ఒళ్ళు దులుపుకుని, తెల్లదానికి ఒక్కటిచ్చింది. అంతే, అన్నీ బుద్ధిగా గూట్లోకి నడిచాయి.

మీరు అలిగి మీ చెల్లెలింటికి వెళ్ళాక మన బాత్రూం ముందు కూడా రోజూ ఇదే తంతు. ఇదివరకు ఎవరి వంతో మీరు చెప్పేవారు, మేం సణుక్కుంటూ వెళ్ళేవాళ్ళం. రమ్మని పిలవడానికి మీ తమ్ముడికి మొహం చెల్లడం లేదు.

మీ మంచం మీద దుప్పటి మార్చాను. సరిగ్గా పరవడం నాకు చేతకాలేదు. వచ్చి తిట్టండి.

మీ మరదలు