మూగసినిమా మరొక్కసారి

బందరు,
ఆదివారం.

రాంప్రసాద్ గారికి నమస్కారం.

గుడివాడలో మీ ఫిల్మ్ క్లబ్బువాళ్లు పోయినేడు వేసిన ఫ్రెంచి మూగసినిమా గుర్తుందాండీ? అందులో ఓ శాస్త్రవేత్త ఏదో యంత్రం తిప్పి ఊరందరినీ గాల్లో తేలుస్తాడు. మా ఆవిడ సత్యవేణికి పదేళ్లుగా చెవులు వినపడవు. ఆ రోజు హాల్లో అందరితోపాటే నవ్వింది. "ఏమన్నారని ఇవాళ మిమ్మల్ని అడగక్కర్లేకపోయిందండీ" అంది, తిరిగొచ్చేటప్పుడు బస్సులో.

ఇప్పుడు చూపు కూడా పోతోంది. వేసవి దాటి చూపు నిలవదన్నారు డాక్టరుగారు. ఆ మాట ఆవిడకింకా చెప్పలేదు. ఫోనులో ఆ సినిమా పెడితే బొమ్మ ఆనడం లేదంది.

క్లబ్బు మూతపడిందని విన్నాను. మా ముందుగది గోడకు తెల్లరంగు వేయించాను. ఒక్కసారి వచ్చి ఆ సినిమా వెయ్యగలరా? నవ్వడానికి ఇరుగుపొరుగును పిలుస్తాను.

ఇప్పుడెందుకని ఆవిడ అడిగితే, చూపించాలని మీకే అనిపించిందని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసివ్వండి.

ఇట్లు,
సత్యవేణి భర్త