కానుక పళ్లెం మీద తీగ

పటాన్‌చెరు,
ఆగస్టు 6

నాన్నకు వందనాలు.

మీకు ఫోన్‌లో మాట వినబడడం లేదని జయశీల అక్క చెప్పింది. అందుకే ఉత్తరం. మూడుసార్లు రాసి చింపేశాను, ఇది నాలుగోది. కోపమొస్తే రానివ్వండి, చివరిదాకా మాత్రం చదవండి.

పాశమైలారం మందుల కంపెనీలో ప్యాకింగ్ పని నేను ఏప్రిల్‌లోనే మానేశాను. మీరు ఐలన్న మామను బతిమాలి ఇప్పించిన ఉద్యోగమని తెలుసు. కానీ పొద్దంతా అట్టపెట్టెలకు టేపు అంటించి ఇంటికొస్తుంటే, ఈ రోజు నేను చేసింది ఇదీ అని చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు సంగారెడ్డిలో హరినాథ్ గారి దగ్గర నగిషీ నేర్చుకుంటున్నాను. ఇత్తడి మీద, వెండి మీద సన్న ఉలితో పూలూ తీగలూ చెక్కే పని. ఆయన్ని అందరూ ఉస్తాద్ అంటారు. అమ్మ పేరున ఇక్కడి మన చర్చికి మీరు కొన్న కానుక పళ్లెం ఉంది కదా, "పెద్దాయనకిచ్చి చెక్కిస్తా" అని నేను తీసుకెళ్లినది ఆ దుకాణానికే. ఆయన చెక్కుతాడన్నాను గానీ, నేను అక్కడే పనిచేస్తున్నానని చెప్పలేదు.

అసలు సంగతి ఇది. ఉస్తాద్ మధ్యలో అమ్మ పేరు చెక్కి, కంటి ఆపరేషన్‌కి వెళ్తూ అన్నాడు: "అంచు మీద తీగ నువ్వు తియ్యి. నీడ జోలికి పోకు. నేనొచ్చినంక సూద్దాం." నీడ అంటే ఆకు పక్కన దగ్గరదగ్గరగా గీసే సన్నగీతలు. లోతుగా మొదలై వెంట్రుకలా సన్నబడాలి. అవి సరిగ్గా పడితే చదును రేకు మీద ఆకు ఉబ్బి లేచినట్టుంటుంది.

నేను ఆగలేదు నాన్నా. తీగ పూర్తయ్యాక ఒక్క ఆకుకి పెట్టి చూద్దామనుకున్నాను. బాగొచ్చింది. దాంతో తలకెక్కింది. మూడు రోజుల్లో నలభై ఆకులకూ పెట్టేశాను. చెక్కేటప్పుడు మేం చేతిని తిప్పం, పళ్లేన్నే తిప్పుకుంటాం. ఏ ఆకు చెక్కాలంటే ఆ ఆకును నా ముందుకు తెచ్చుకుని, నా వైపు అంచునే నీడ పెట్టుకుంటూ పోయాను. అంతా అయ్యాక బల్ల మీద నిలబెట్టి చూశాను. కింది ఆకులు ఉబ్బి ఉన్నాయి, పై ఆకులన్నీ సొట్టలు పడ్డట్టు లోపలికి పోయాయి! వెలుగు ఒక్క పక్క నుంచే రావాలని, నీడంతా దానికి ఎదురు పక్కనే పడాలని ఉస్తాద్ మొదటి రోజే చెప్పాడు. బాణం గుర్తు కూడా గీయించాడు. నేను దాన్ని కాగితం మీద గీసుకున్నాను గానీ పళ్లెం మీద గీసుకోలేదు.

ఇత్తడి మీద గీత చెరిపితే పోదు. ఎవరికీ తెలియకుండా అలాంటిదే కొత్త పళ్లెం తెచ్చి, ఇంకెవరితోనైనా చెక్కించి పెట్టేద్దామా అనిపిస్తోంది. నెలాఖరు ఆదివారం చర్చిలో పళ్లెం ప్రతిష్ఠ. అమ్మ పళ్లేన్ని నా చేత్తో నేనే పాడుచేశాను. నాకీ పని రాదేమో, మళ్లీ కంపెనీ గేటు దగ్గరికే పోవాలేమో అని ఏడుపొస్తోంది. ఏం చేయమంటారో రాయండి.

మీకు మొహం చూపించలేని
బ్యూలా

జహీరాబాద్,
ఆగస్టు 11

బ్యూలా తల్లికి,

నీ ఉత్తరం చేరింది. కోపం వచ్చింది, నేనెందుకు అబద్ధమాడాలి? ఉద్యోగం మానేసినందుకు కాదు ఈ కోపం. నాలుగు నెలలుగా జయశీలతో ఫోన్‌లో "డ్యూటీ ఎట్లుందమ్మా" అని అడిగిస్తుంటే "బాగుంది" అని చెప్పిస్తున్నావు. నాకు పోయింది చెవులే, బుద్ధి కాదు. ఐలన్నకు నేను చెప్పుకుంటాను.

పళ్లెం సంగతి. ముప్పయ్యేళ్లు పిల్లల నోటుపుస్తకాలు దిద్దాను. తప్పుల తడకగా రాసిన పేజీనైనా దిద్దవచ్చు, చింపేసిన పేజీని ఏ పంతులూ దిద్దలేడు. కొత్త పళ్లెం ఊసెత్తకు. కన్ను బాగయ్యాక మీ ఉస్తాద్ ముందు పెట్టి, నేనే చేశానని చెప్పు. పనికిరాదంటే ప్రతిష్ఠ వాయిదా వేయమని పాస్టర్ గారికి నేను రాస్తాను. మార్తమ్మ నా భార్య, ఆమె సంగతి నాకు వదిలెయ్యి. నువ్వు మాత్రం తిండి మానకు.

నిన్ను తిట్టే హక్కున్న
మీ నాన్న

పటాన్‌చెరు,
సెప్టెంబరు 1

నాన్నా,

మీరు మోకాళ్ల నొప్పుల వల్ల ప్రతిష్ఠకు రాలేకపోయారు కాబట్టి అంతా పూసగుచ్చినట్టు రాస్తున్నాను. ముందే చెప్పేస్తాను, అంతా మంచే జరిగింది. ఇక నింపాదిగా చదవండి.

ఉస్తాద్ నల్లకళ్లద్దాలతో దుకాణానికి వచ్చిన రోజే పళ్లెం తీసి ముందు పెట్టాను.

"నీడ ఎవరు పెట్టమన్నరే?"

"నేనే పెట్టిన ఉస్తాద్. చెడిపోయింది."

అద్దాలు తీసి, భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. బొటనవేలితో తడిమాడు. లోపలి నుంచి భార్యను పిలిచాడు. "నర్సింహమ్మా, జెర ఇటు రా. ఈ పిల్లకు ఎదురుంగ కూసో." పళ్లేన్ని మా ఇద్దరి మధ్య పీట మీద పెట్టాడు. "ఏ ఆకులు లేసినట్టున్నయ్?"

"నా దిక్కున్నవే. ఆ పిల్ల దిక్కువి సొట్టపడ్డయి గద" అందామె.

నాకేమో నా వైపువే లేచి కనబడుతున్నాయి. పళ్లెం సగం తిప్పాడు. మళ్లీ అదే మాట, ఆమెకు ఆమెవి, నాకు నావి. ఉస్తాద్ పకపకా నవ్వాడు.

"చర్చిల ఇది గోడకెక్కుతదా, చేతుల తిరుగుతదా?"

"చేతులు మారుకుంట పోతది ఉస్తాద్."

"ఇగ బతికినవ్ పో! ఎవరు పట్టుకున్నా వాళ్ల దిక్కు ఆకు లేసే ఉంటది. గోడకేసేదైతే నిన్ను ఈ బజారు దాక ఉరికిస్తుంటి."

నాకు ఊపిరాడింది నాన్నా. ఇన్ని రోజులు ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుండేది, ఆ క్షణాన లేచిపోయారు. కానీ ఆయన సంబరపడనిచ్చే రకం కాదు. "నీడ నీకు తెలివితోని రాలే, కలిసొచ్చింది. తీగ సూడు. ఈడ నడుం ఇరిగింది. ఈ చుట్ట కోడిగుడ్డు లెక్కున్నది. ఇగో, ఈ ఆకు ఎనకకు మొలిసింది. కాకర తీగకు ఎన్నడన్న ఆకు ఎనకకు మొలుస్తదా? తీగ సక్కగ లేకుంటే ఎంత నీడ పెట్టినా ముసుగేసినట్టే." అప్పటి నుంచి రోజూ పొద్దున ఉలి ముట్టక ముందు పెన్సిల్‌తో వంద తీగచుట్టలు గీయిస్తున్నాడు. మొదటి రోజు నాలుగే బాగున్నాయన్నాడు. మొన్న శనివారం ఇరవై దాటాయి.

నిన్న ఆదివారం ప్రతిష్ఠ. ఉస్తాద్, నర్సింహమ్మ గారు కూడా వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. మన చర్చికి ఎన్నడూ రాని మనుషులు, చెప్పులు బయట విప్పి ఎవరితోనూ మాట్లాడకుండా ఒదిగి కూర్చున్నారు. ప్రార్థనయ్యాక పళ్లెం చేతులు మారుతుంటే నేను పళ్లేన్ని కాదు, మొహాల్నే చూశాను. ఆడవాళ్లు కానుక వేసి, ఆకుల మీద వేలు పెట్టి చూసుకుంటున్నారు, నిజంగా ఉబ్బి ఉందా అని. మన కౌసల్య పిన్ని అయితే పక్కామెకి ఇవ్వకుండా పట్టుకు కూర్చుంది, రెండుసార్లు అడిగితే గానీ వదల్లేదు.

చివర్లో పాస్టర్ గారు లేచి, "కీర్తిశేషురాలు మార్తమ్మ గారి పేరున ఇంత చక్కటి పని చేసిచ్చిన సంగారెడ్డి హరినాథ్ గారికి మన సంఘం తరఫున వందనాలు" అన్నారు. నేను తల వంచుకున్నాను. అంతమందిలో లేచి నాదని ఎలా చెప్పను? వెనక బెంచీ కిర్రుమంది.

"అయ్యా, నేను చెక్కింది నడుమల పేరొక్కటే" అన్నాడు ఉస్తాద్, చర్చి అంతా వినబడేట్టు. "తీగ, నీడ గా ముందట తలకాయ ఒంచుకున్న బ్యూలావి. తీగల మూడు తప్పులున్నయి, అవి గూడ ఆమెవే. నాకు అంటగట్టకుండ్రి."

అందరూ నా వైపు తిరిగారు నాన్నా. చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడి, ఏడుస్తూనే నవ్వాను.

మీ కూతురు, నగిషీ పని నేర్చుకుంటున్న
బ్యూలా