తెక్లా గారి గులాబి గోడ

పుంత నెగ్ర రేవు,
20 ఏప్రిల్ 1971

సిన్యోరా తెక్లా మజ్జోలో గారికి,

రేవులో డైవింగ్ పడవ నడిపే ఎజిదియో ఫిగారి నమస్కారాలు. కింద నేను క్షేమం. పైన కొండ మీద మీరూ క్షేమమని తలుస్తాను.

నిన్న మంగలి దుకాణంలో గడ్డం గీయించుకుంటుంటే ఒక మాట చెవిన పడింది. మీ ఇంటికి పసుపు రంగు వేయిస్తున్నారట. సగం గడ్డంతోనే లేచి నిలబడ్డానంటే నమ్మండి. సిన్యోరా, ఆ పని మాత్రం చెయ్యకండి. పసుపు గోడలు ఊరినిండా ఉన్నాయి. గులాబి గోడ మీ ఒక్కరిదే. పొద్దున్నే పడవ రేవు దాటగానే నా కళ్లు మొదట వెతికేది దాన్నే. అది కనబడితేనే నాకు ప్రాణం కుదుటపడుతుంది.

ఈ మాట స్వయంగా వచ్చి చెప్పాల్సింది. కానీ మీ ఇంటి మెట్లు తలుచుకుంటేనే నా మోకాళ్లు ఏడుస్తాయి. ఇన్నేళ్లు సముద్రం అడుగున తిరిగితే కీళ్లు ఇలాగే అవుతాయని డాక్టరు అన్నాడు. అందుకే ఉత్తరం.

మీ గోడ క్షేమం కోరే,
ఎజిదియో

తా.క.: కొండకొమ్ము మీద మీ ద్రాక్షతోట చివర సైప్రస్ చెట్టుంది కదా, దాన్నీ కొట్టించేస్తారని విన్నాను. అదీ వద్దు. చెట్టంత మనిషి ఎలాగూ పోయాడు, చెట్టునైనా ఉండనివ్వండి.

•

కొండమీద నుంచి,
24 ఏప్రిల్

సీసాలో గాలి పట్టుకుని నీళ్లలో దూకే ఎజిదియో గారికి,

మీ ఉత్తరం చేరింది. పోస్టుమ్యాన్ చేతికిచ్చే ముందు దాన్ని ఎండకి ఎత్తిపట్టి మరీ చూశాడు, సిగ్గులేని వెధవ.

నా మొగుడు నాండో పోయి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో మీ రేవువాళ్లు ఒక్కరైనా "తెక్లా, తిన్నావా, ఉన్నావా" అని అడిగిన పాపాన పోలేదు. ఇవాళ నా గోడ యోగక్షేమాలు అడుగుతున్నారు. మా ఆయన మీ గురించి ఏమనేవాడో తెలుసా? "అంత లోతుకి దిగి, చేపలన్నిటినీ పలకరించి, ఒట్టి చేతుల్తో పైకొచ్చే మనిషిని ఈ సముద్రం ఇప్పుడే చూస్తోంది" అనేవాడు.

ఆ గోడ ఉప్పుగాలికి పెచ్చులూడిపోయింది. అద్దంలో నా మొహం ఎలా ఉందో అదీ అలాగే ఉంది. పసుపు డబ్బాలు కొనేశాను కూడా. అయినా రంగులవాణ్ణి ఇంకో వారం ఆగమన్నాను. ఎందుకు ఆగమన్నానో నన్నడక్కండి.

తెక్లా, నాండో భార్య

తా.క.: చెట్టు సంగతి కూడా మంగలే చెప్పాడా? ఆ దుకాణంలో జుట్టు తప్ప అన్నీ కత్తిరిస్తారు కాబోలు.

•

రేవు,
4 మే

తెక్లా గారికి,

నాకు మాటలు చేతకావు. నోట్లో గొట్టం పెట్టుకుని చేసే పని కదా నాది. అయినా ఉన్నమాట చెబుతాను.

పొద్దున తొమ్మిదింటికి పడవ ముందు నిలబడి మీ ఇంటివైపే చూస్తాను. గోడ కనబడితే నేనెక్కడున్నానో నాకు తెలుస్తుంది. కనబడకపోతే ఇంత సముద్రంలో నా అంత దిక్కుమాలినవాడు ఉండడు.

నిన్న మీరు ముందరి తీగ మీద దుప్పట్లన్నీ ఆరేశారు. గోడ అంతా మునిగిపోయింది. నా పాట్లు పగవాడికి కూడా వద్దు. పడవని గుండ్రంగా తిప్పుతూనే ఉన్నాను. మ్యూనిక్ నుంచి వచ్చిన జర్మన్లు వరసగా అంచుకి వేలాడి కక్కారు. చివరికి విసుగొచ్చి ఎక్కడో ఒకచోట దింపితే, కింద గడ్డీ ఇసకా తప్ప ఏమీ లేదు. పైకొచ్చి, "మా ఊళ్లో ఆవులు కూడా ఇంతకన్నా మంచి గడ్డి చూస్తాయి" అన్నారు. నేనేం జవాబు చెప్పను? తెక్లా గారి దుప్పట్ల వల్ల ఇలా అయిందని చెప్పనా?

దయచేసి దుప్పట్లు పెరట్లో ఆరెయ్యండి. ముందు కిటికీ ఆకుపచ్చ తలుపుల్ని పొద్దున్నే బార్లా తెరిచి ఉంచండి.

మీ కిటికీ కోసం కళ్లు కాయలు కాసేలా చూసే,
ఎజిదియో

తా.క.: ఆదివారాలు తెరవకపోయినా ఫరవాలేదు. ఆ రోజు నాకు సెలవు.

•

కొండమీద నుంచి,
14 మే

ఎజిదియో గారికి,

దుప్పట్లు పెరట్లోకి మార్చాను. అక్కడ ఎండ తగలక ముక్కవాసన వేస్తున్నాయి. అదీ మీ పుణ్యమే.

నాకు యాభై నాలుగేళ్లు. నా దుప్పట్లు చూసి ఒకాయన దారి తప్పాడంటే, పైగా జర్మన్ల చేత కక్కించాడంటే, తిట్టాలో నవ్వాలో తెలియలేదు. ముందు తిట్టాను. తర్వాత నవ్వొచ్చింది. నాండో పోయాక ఈ ఇంట్లో నవ్వు వినబడ్డం ఇదే మొదలు. గోడ మీది బల్లి హడలిపోయి చూరులోకి దూరింది.

నిన్న మీరు చెప్పినట్టే కిటికీ తెరిచి నిలబడ్డాను. మీరు చెయ్యి ఊపారు. నేనూ ఊపాను. మీ వెనకున్నవాళ్లంతా ఒక్కసారిగా సముద్రంలోకి దూకేశారు. మరీ అంత సిగ్గుపడనక్కర్లేదని వాళ్లతో చెప్పండి.

ఇప్పుడొక ముఖ్యమైన సంగతి. మిలాను నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఇల్లూ తోటా రెండూ కొంటానంటున్నాడు. జెనోవాలో మా అమ్మాయి వంటింటి పక్క గది నాకోసం సర్ది పెట్టింది. "అక్కడ నీకెవరున్నారే అమ్మా" అంటుంది. నిజమే, ఎవరున్నారు? ఆయనకి నెలాఖరులోపు జవాబు చెప్పాలి. మీరు ఒక్కమాట రాయండి. మీ మాటని బట్టి నా మాట ఉంటుంది.

తెక్లా

తా.క.: బస్సు డ్రైవరు చేత ఆకుకూర కూరి కాల్చిన తోర్తా రొట్టె పంపుతున్నాను. సగం వాడు తినేస్తాడు. మిగిలిన సగం మీది.

•

పడవలోంచి,
17 మే

తెక్లా గారూ,

అమ్మకండి! అమ్మకండి! ఈ కాయితం మీద తడి చూసి ఏడ్చాననుకోకండి, ఇవి సముద్రం చుక్కలు. అయినా ఏడుపొక్కటే తక్కువ.

మిలాను వాళ్ల సంగతి నాకు బాగా తెలుసు. మొదట గోడకి తెల్లరంగు కొడతారు. తర్వాత పైన ఇంకో అంతస్తు లేపుతారు. ఆ తర్వాత సముద్రం కనబడటం లేదని చెట్టు నరుకుతారు. అప్పుడు నా గతేం కాను? నా బతుకంతా మీ ఇంటిని నమ్ముకునే ఉంది. ఇంతకన్నా విడమరిచి చెప్పే ధైర్యం నాకు లేదు. బయటపడితే ఇంకో పదిమంది మగాళ్లు పడవలేసుకుని అదే చోటికి తయారవుతారు.

మీరు ఎక్కడికీ వెళ్లకూడదు. ఆ గోడ అలాగే, ఆ కిటికీ అలాగే ఉండాలి, నేను బతికున్నంత కాలం.

ఎప్పటికీ మీ ఇంటినే నమ్ముకున్న,
ఎజిదియో

తా.క.: కిటికీలో నిలబడినప్పుడు కాస్త కుడివైపు జరగండి. మీరు గోడ అంచుకి అడ్డం వస్తున్నారు.

•

కొండమీద నుంచి,
25 మే

ఎజిదియోకి,

మిలాను ఆయన్ని పొమ్మన్నాను. ధర పెంచాడు, అయినా పొమ్మన్నాను. అమ్మాయికి ఫోన్ చేసి చెబితే, "ఆ నీళ్లలో మునిగేవాడి కోసమా? నీకు మతి గానీ పోయిందా?" అని ఠపీమని పెట్టేసింది. కోపంతో ఆ గది కాలేజీ కుర్రాడికి అద్దెకిచ్చేసిందట. ఇక నాకు మిగిలింది ఈ ఇల్లే. ఇంత పనీ ఎవరి మాట మీద చేశానో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఊరంతా పొక్కింది. రొట్టెల కొట్టులో నన్ను చూసి వరస తప్పుకుని "ముందు మీరు తీసుకోండి" అంటున్నారు. ఫాదర్ గారేమో, "తొందరేం లేదు తెక్లా, కానీ జూన్ చివరి వారం చర్చి ఖాళీ" అన్నారు. నాలుగేళ్లుగా కట్టిన నల్లబట్టలు పెట్టెలో పెట్టేశాను. నీలం గౌను కుట్టించుకున్నాను. దర్జీది కూడా నవ్వింది, నవ్వనీ. నాకిప్పుడు సంతోషంగా ఉంది, దాచుకోవడం నావల్ల కావటం లేదు.

వచ్చే ఆదివారం భోజనానికి రండి. మా మరిది పెద్దమనిషిగా కూర్చుంటాడు. కోటు వేసుకోండి. మెట్ల పొడుగునా అక్కడక్కడా కుర్చీలు వేయిస్తాను, కూచుంటూ లేస్తూ ఎక్కండి.

మీ తెక్లా

తా.క.: కుడివైపు జరిగాను. అటునుంచి నేను బాగుంటానని నాండో కూడా అనేవాడు.

•

రేవు,
28 మే

సిన్యోరా తెక్లా గారికి,

ఎలా మొదలుపెట్టాలో తెలియక చాలా కాయితాలు చింపాను. పొరపాటు జరిగిపోయింది. పొరపాటు నాదే.

సముద్రంలోకి పొడుచుకొచ్చిన మీ కొండకొమ్ము అవతల నీళ్ల కింద ఒక రాతిగుట్ట ఉంది. పైనుంచి చూస్తే ఏమీ కనబడదు. దిగితే మాత్రం రాళ్లనిండా ఎర్ర విసనకర్రల్లాంటి కొమ్మలు, బొరియ బొరియకీ ఒక చెర్నియా చేప, మూతి బయటపెట్టి మన టికెట్ అడుగుతున్నట్టు చూస్తుంది. జర్మన్లు వచ్చేది దానికోసమే. దాన్ని పట్టుకోవాలంటే రెండు ఆనవాళ్లు. పడవలోంచి చూస్తే మీ గులాబి గోడ అంచు సరిగ్గా గంటగోపురం కిందికి రావాలి. మీ సైప్రస్ చెట్టు పాత బురుజుకి తగలాలి. రెండూ ఒకేసారి కుదిరిన చోట రాయి. అప్పుడు నేను చెయ్యి ఊపుతాను. అది దూకమని వాళ్లకి సైగ.

అది మీ నాండో వల వేసుకున్న రాయే. ఆయన బతికుండగా దూరం నుంచి వెంటాడి కనిపెట్టాను. ఆనవాలు బయటికి చెబితే రాయి పోతుంది, అందుకని గోడ గురించే రాస్తూ పోయాను. రాసిన మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. అదే నా ఖర్మ.

ఆదివారం రాలేను. సెప్టెంబరులో నాకు పెళ్లి. అమ్మాయి పేరు ఉర్సులా, మ్యూనిక్ నుంచి డైవింగ్ నేర్చుకుందామని వచ్చి ఇక్కడే ఉండిపోయింది. మీరు పెద్దమనసు చేసుకుని నన్ను క్షమించాలి. గోడని మాత్రం కదపకండి.

ఎజిదియో ఫిగారి

తా.క.: తోర్తా ఉర్సులాకి చాలా నచ్చింది. ఎలా చేస్తారో రాసి పంపగలరా?

•

కొండమీద నుంచి,
7 జూన్

సిన్యోర్ ఎజిదియో ఫిగారి గారికి,

మీ ఉత్తరం శనివారం వచ్చింది. అప్పటికే కుందేలు మాంసం వైన్‌లో నానేశాను. ఆదివారం మా మరిది ఒక్కడే కోటు వేసుకుని కూచుని మొత్తం తిన్నాడు. మెట్ల మీద కుర్చీల్లో పిల్లులు పడుకున్నాయి.

మీ రాయి సంగతి నాకు మొదటి ఉత్తరంలోనే తెలుసు.

నేను కాపురానికొచ్చిన రోజే మా అత్తగారు కూచోబెట్టి చెప్పింది: "గోడ రంగు మార్చకు, చెట్టు కొట్టకు, ముందరి తీగ మీద దుప్పట్లు ఆరెయ్యకు. నీ మొగుడు రాయి వెతుక్కోవాలి." ఈ ఊళ్లో జాలరి ఇంటి కోడలికి అన్నం వడ్డించకముందే నేర్పే పాఠం ఇది. నాండో పోయాడు, పడవ అమ్మేశాను, ఇంకా ఎవరికోసం ఈ గులాబి అని పసుపు డబ్బాలు కొన్నాను. మీరు వెంటపడేవారని ఆయనకీ తెలుసు. "పాపం, చూసుకోనీ" అనేవాడు.

కాబట్టి మీ మొదటి ఉత్తరం చదివి, ఓహో, వీడికి రాయి కావాలి అనుకున్నాను. రెండోది చదివి, రాయి కోసమైతే ఇంత రాస్తాడా అనుకున్నాను. మూడోదానికి, రాయి ఒట్టి సాకని తేల్చేసుకున్నాను. అడగడానికి నోరురాని మనిషి గోడ వంక పెట్టుకుని నా చుట్టూ తిరుగుతున్నాడనుకున్నాను. ఉత్త రాయి కోసం మగాడు ఇంత తియ్యగా రాయగలడని నా ఊహకే అందలేదు. ఏమీ తెలియని మనిషినైతే ఇంత మోసపోయేదాన్ని కాను. అతి తెలివి కొంప ముంచింది.

ఏడుపొచ్చింది, ఏడ్చాను. రొట్టెల కొట్టుకి వెళ్లడానికి మొహం చెల్లక ఎండురొట్టె నానబెట్టుకు తిన్నాను. తర్వాత ఒళ్లు మండింది. ఆ మంట మీదే మిలాను ఆయనకి కబురుపెట్టి సంతకాలు పెట్టేశాను. వచ్చే నెల పని మొదలు. తెల్లరంగు, పైన అంతస్తు, ఆ తర్వాత చెట్టు. మీరు చెప్పిన వరస కూడా తప్పలేదు. నేను పెట్టిన షరతు ఒకటే, కింద ముందుగదీ దాని కిటికీ నేను పోయేదాకా నావి. రోజూ తొమ్మిదింటికి తెరుచుకుని కూచుంటాను. మీరు గుండ్రంగా తిరుగుతుంటే చూస్తాను. నల్లబట్టలు మళ్లీ తీశాను, కానీ ఈసారి నాండో కోసం కాదు.

మీ పెళ్లి సుఖంగా జరగాలి.

తెక్లా మజ్జోలో

తా.క.: సముద్రం మీద మంచు పట్టి ఇల్లు కనబడని రోజుల కోసం నాండో ఇంకో జత ఆనవాళ్లు పెట్టుకున్నాడు. వాటికి ఇల్లూ అక్కర్లేదు, చెట్టూ అక్కర్లేదు. కొండకొమ్ము రాళ్లలోనే ఉన్నాయి, ఎవరూ రంగు మార్చలేరు, ఎవరూ నరకలేరు. వెంటపడి చూసేవాళ్లకి దొరకవు. పోయేముందు నా ఒక్కదానికే చెప్పాడు. ఆదివారం భోజనాలయ్యాక మీకు చెబుదామనుకున్నాను.