లాంచీలో పగిలిన గొట్టం

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున్నే సావుకారు ఫోన్ చేశాడు. శక్తినగర్ దగ్గర కృష్ణలో తిరిగే ఆయన లాంచీలో టాయిలెట్ ఇంకా కారుతూనే ఉందట. ఆ కారుడుకే కదా, "చేతగాని మెకానిక్" అని అందరి ముందూ నిన్ను పనిలోంచి తీసేశాడు. ఆ మాటతోనే నువ్వు మంచం పట్టి, మళ్లీ లేవలేదు.

నువ్వు నేర్పిన పనే కాబట్టి నీ పానాల సంచి తీసుకుని వెళ్లాను. టాయిలెట్‌లోకి నీళ్లు తోడడానికి నువ్వు బిగించిన చేతిపంపు ఎక్కడా కారకుండా పొడిగానే ఉంది. గోడ పలక విప్పితే, వెనక సావుకారు పేర్పించిన డీజిల్ డబ్బాల బరువుకు గొట్టం చీలి ఉంది. వాటిని తీయించమని నువ్వెంత మొత్తుకున్నావో నాకు తెలుసు.

ఒడ్డున జనం టికెట్లు కొని నిలబడ్డారు. నేను పని మొదలుపెట్టకుండా పడవవాళ్లందరినీ పిలిచాను.

"సావుకారూ, నువ్వే పండుకొని చెయ్యి పెట్టి చూడు. తప్పెవరిదో వీళ్లకు చెప్పు. అప్పటిదాంక నేను ముట్టను," అన్నాను.

తెల్లబట్టలతోనే ఆ మురికినీళ్లలో పడుకుని తడిమాడు.

"నా డబ్బాలతోనే పగిలింది. వాని తప్పేం లేదు," అన్నాడు.

"గట్టిగ చెప్పు."

మళ్లీ చెప్పాడు. నాకెంత హాయిగా ఉందో నీ దగ్గర దాచను.

డబ్బాలు తీయించి కొత్త గొట్టం వేశాను. పంపు కొడితే చుక్క కారలేదు.

"మీ అన్న పని నువ్వే చెయ్యమ్మా, రేపటి సంది రా. పాత సంగతులు మర్చిపో," అన్నాడు.

"ముందు మా అన్నను పిలువు. ఆయనొస్తే నేను గూడ వస్తా."

నేను గట్టెక్కి వచ్చేశాను.